తెర ముందు కాపురాలు

ఆవిడ అసలు పేరు మా క్వార్టర్లలో సగం మందికి తెలియదు. అందరికీ బొంగరమే. ఎదురుగా పిలిచినా కోప్పడేది కాదు. ఆగితే పడిపోతాను కాబట్టి సరైన పేరే పెట్టారని తనే నవ్వేది.

కూర్చోవడం ఆవిడ ఒంటికి పడేది కాదు. భోజనం మధ్యలో లేచి వెళ్లి తలుపు గడియ సరిచూసొచ్చేది. కబుర్లకని మా ఇంటికి వస్తే ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడేది. పిల్లలు ఎలా ఉన్నారని అడిగేది. నేను నోరు తెరిచేలోగా, సరే మళ్లీ వస్తానంటూ మెట్లు దిగిపోయేది. అలాగని మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో ఒంట్లో బాగాలేదన్నా అందరికంటే ముందు ఆవిడ చెప్పుల చప్పుడే వినపడేది.

మాది బస్సు డిపో సిబ్బంది క్వార్టర్లు. రోడ్డు దాటితే పాత సినిమా హాలు. అందులో టార్చిలైటు పట్టుకుని జనానికి సీట్లు చూపించడం బొంగరం ఉద్యోగం. ఆవిడ కోసమే పుట్టిన పని అది. చీకట్లో మెట్లెక్కుతూ దిగుతూ, కాళ్లు చాపుకున్నవాళ్లను కసురుతూ, ఏడ్చే పసిపిల్లల తల్లులను మెల్లగా తలుపు దాకా నడిపిస్తూ ఏళ్లు గడిపింది. ఎన్ని సినిమాలు ఆడినా ఆవిడకు మొదలు తెలుసు, చివర తెలుసు, మధ్యలో ఏం జరిగిందో తెలియదు. ఆ మధ్య కథ కావాలంటే మొగుణ్ణి అడగాలి. ఆయన పైన ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్. కూర్చున్నాడంటే కుర్చీకి మేకులు కొట్టినట్టే. మాట కూడా తూకం వేసినట్టు మాట్లాడేవాడు. ఈ ఇద్దరికీ పొత్తు ఎలా కుదిరిందా అని మేం ముక్కున వేలేసుకునేవాళ్లం.

వాళ్లకు ఒక్కతే కూతురు. నర్సు. ఊరికి ఆ చివరున్న ఆసుపత్రిలో ఉద్యోగం, అక్కడే నివాసం. ఎప్పుడైనా సెలవు దొరికితే వచ్చేది. వచ్చిన పిల్ల తండ్రి పక్కన కూర్చుని ఏదో చెప్పుకునేది. తల్లి మాత్రం ఆ పిల్ల సంచీ విప్పి బట్టలు మడతపెట్టి, చెప్పులు తుడిచి, టీ పెట్టి, గ్లాసులు కడిగి, అది బయల్దేరే వేళకు అయ్యో, అప్పుడే వెళ్లిపోతున్నావా అనేది.

జనం సినిమాలు ఫోన్లలో చూసుకోవడం మొదలయ్యాక హాలు వెలవెలబోయింది. ఒక వేసవిలో యజమాని తాళం వేసేశాడు. ఆయన మెతక మనిషి. ఏదో ఒకటి తేల్చుకునేదాకా వాళ్లు కాపురముండే వెనక గదుల్లోనే ఉండి హాలు చూసుకోమని ఆ ఇద్దరినీ బతిమాలాడు. ఆపరేటర్‌కి పెద్ద తేడా తెలియలేదు. పైకెళ్లి మెషీన్ తుడిచి, నూనె వేసి, అక్కడే కూర్చునేవాడు. బొంగరానికి మాత్రం కాళ్లూ చేతులూ కట్టేసినట్టయింది. ఎవరూ కూర్చోని సీట్లను దులిపేది. దులిపిన సీట్లనే మళ్లీ దులిపేది. పావురాల మీద అరిచేది. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే బస్సులను చూస్తూ నిట్టూర్చేది.

ఆ రోజుల్లోనే ఆవిడకు కొత్త శత్రువులు దొరికారు. క్వార్టర్ల పిల్లలు. పసివాళ్లు కాదు, కాలేజీ ఈడు వాళ్లు, బడి ఆఖరి తరగతుల వాళ్లు. మా ఇళ్లకు రెండేసి గదులు. రాత్రి డ్యూటీ దిగిన డ్రైవరో కండక్టరో పగలు ముందు గదిలో పడుకుంటే ఇంట్లో చెంచా కింద పడకూడదు. పిల్లలు మాట్లాడుకోవాలన్నా బయటికే పోవాలి. పోతే ఎక్కడికి? హాలు మెట్లే నీడగా ఉండేవి. అక్కడ చేరి ఫోన్లు చూసుకుంటూ, ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటూ గంటలు గడిపేవాళ్లు. బొంగరం చీపురు పట్టుకుని తరిమేది. వాళ్లు రోడ్డు దాటినట్టే దాటి, ఆవిడ లోపలికి వెళ్లగానే మళ్లీ వచ్చేవాళ్లు. ఆవిడ కూడా ఆ ఆటకు అలవాటు పడిందనే నా అనుమానం. పిల్లలు రాని రోజున గేటు దగ్గరికి ఊరికే వచ్చి చూసి వెళ్లేది.

ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. పిల్లలు తడిసి ముద్దవుతుంటే చూడలేక తలుపు తీసి లోపలికి రమ్మంది. సీట్ల మీద తడి బట్టలతో కూర్చోవద్దని మాత్రం గట్టిగా చెప్పింది. కూర్చోవద్దంటే ఏం చేస్తారు, తెర ముందున్న అరుగు ఎక్కారు. వాళ్లలో పొడుగుపిల్ల అని ఒక అమ్మాయి ఉండేది. డిపోలో సీనియర్ డ్రైవర్ కూతురు. మనిషిని ఒకసారి చూస్తే చాలు, నడకతో సహా దింపేసేది. ఆ రోజు చున్నీని కొలతల టేపులా మెడలో వేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చినట్టు తల వంచి, మా పక్కింటి కుట్టుపని ఆవిడలా మొదలుపెట్టింది. ఎక్కడికెళ్లావ్, ఎవరితో వెళ్లావ్, ఎందుకింత ఆలస్యం, తిన్నావా, తినకపోతే ఎందుకు తినలేదు, తింటే ఎక్కడ తిన్నావ్ అని ఊపిరాడకుండా అడిగింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నడవలో నిలబడ్డ బొంగరం కూడా నవ్వింది.

కుట్టుపని ఆవిడ కొడుకూ అక్కడే ఉన్నాడు. అందరితో పాటు నవ్వి, నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు.

"మా అమ్మ అలా అడిగేటప్పుడు చేతులు వణుకుతుంటాయి. అది నువ్వు చెయ్యలేదు."

ఆ మాట బొంగరాన్ని నిలవనివ్వలేదు. చేతులు వణకడం చూసిన కుర్రాడు ఆ సంగతి తల్లితో ఎందుకు అనలేదు? వాన తగ్గీ తగ్గగానే రోడ్డు దాటి కుట్టుపని ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆదివారం మధ్యాహ్నం హాలుకి రావాలని, పనుందని చెప్పి, ఏం పనో చెప్పకుండానే వెళ్లిపోయింది. దారిలో మా ఇంటికీ వచ్చింది. ఇంకో నాలుగిళ్లకూ వెళ్లింది.

ఆదివారం మేం వెళ్లేసరికి ఆపరేటర్ పైనుంచి తెర మీదకు తెల్లటి వెలుగు వదిలాడు. అరుగు మీద ఒక స్టూలు, ఒక పాత బల్ల. బొంగరం పిలిచిన పని ఇదీ: కుట్టుపని ఆవిడ తన కొడుకు వేషం వెయ్యాలి, కొడుకు ఆవిడ వేషం వెయ్యాలి. సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చే వేళ, అంతే. ఆవిడ సిగ్గుపడింది, చేతకాదంది, పక్కవాళ్లు తోస్తే ఎక్కింది. కుర్రాడు స్టూలు మీద కూర్చుని మిషన్ తొక్కుతున్నట్టు కాలు ఆడిస్తూ ప్రశ్నలు మొదలుపెట్టాడు. చేతులు వణికించాడు కూడా. కొడుకు వేషంలో ఉన్న ఆవిడ మొదట నవ్వుతూ జవాబులు చెప్పింది. తర్వాత తడబడింది. ఇంకా చెప్పులు విప్పలేదు, సంచీ దింపలేదు, జవాబు పూర్తికాకుండానే పై ప్రశ్న వచ్చి పడుతోంది. చివరికి ఆవిడ చేతులు దింపేసింది.

"కాసేపు ఆగరా. లోపలికైనా రానీ."

అన్న తర్వాత ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి, మాకేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు స్టూలు మీంచి లేచి, నువ్వెందుకు వణుకుతావమ్మా అని అడిగాడు. ఆవిడ చెప్పింది. వాడి నాన్న డ్యూటీకి వెళ్లి ప్రమాదంలో పోయిన సాయంత్రం కూడా ఇలాగే ఆలస్యమైందట, గుమ్మం వైపు చూస్తూ కూర్చుందట. ఆ సంగతి మా అందరికీ తెలుసు. కొడుక్కీ తెలుసు. కానీ ఆ రెంటినీ ముడిపెట్టుకుని ఎవరం చూడలేదు.

ఇక ఆదివారాలు ఆగలేదు. మార్కుల గొడవ, ఫోన్ గొడవ, ఎవరితో తిరుగుతున్నావన్న గొడవ, ఉద్యోగం రాని అన్నయ్య గొడవ, అన్నీ తెర ముందుకు వచ్చాయి. పెద్దవాళ్లు పిల్లలయ్యేవాళ్లు, పిల్లలు పెద్దలయ్యేవాళ్లు. నేను కూడా మా అబ్బాయినై, దుప్పటి ముసుగు తన్ని పడుకుని, లేపితే గోడవైపు తిరిగాను. అలా తిరగడంలో ఎంత హాయి ఉందో ఆ రోజే తెలిసింది. డ్యూటీ లేని కండక్టర్లు వచ్చి వెనక వరసల్లో కూర్చుని ఈలలు వేసేవాళ్లు. తెర ముందు కాపురాలు చూసొద్దాం పదండి అనడం మా దగ్గర మాటయింది. పిల్లలే పట్టుబట్టి వెనక గదిలో చదువుకోవడానికి బల్లలు వేయించుకున్నారు. పగలు ఇంట్లో చోటు లేనివాళ్లకు అదే ఇల్లయింది.

బొంగరం పట్టపగ్గాల్లేకుండా తిరిగింది. కానీ ఆవిడకు జరిగింది చాలేది కాదు. ఈ వారం నవ్వారు సరే, వచ్చే వారం ఏంటి? ఎవరు బయటపడలేదు? ఎవరింట్లో ఏముంది? పొడుగుపిల్ల మీద ఆవిడ కన్ను పడింది. ఆ పిల్ల అందరి ఇళ్లూ ఆడేది, తన ఇల్లు తప్ప. వాళ్ల నాన్నంటే మా అందరికీ గౌరవం. ఇన్నేళ్ల సర్వీసులో బస్సుకి గీత పడనివ్వలేదు. కూతుర్ని ఇంజినీరింగులో చేర్చి, ఆ సంగతి చెప్పడానికే డిపో క్యాంటీన్లో అందరికీ టీ ఇప్పించిన మనిషి. ఆయన ఒక ఆదివారం మొదటిసారి వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. కూతురు బాగా చేస్తుందని విన్నాడట.

బొంగరం ఆగలేకపోయింది. మీ ఇల్లు ఆడి చూపించవే అంది. పొడుగుపిల్ల వద్దంది. ఆవిడ మళ్లీ అడిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కాసేపు కింది పెదవి కొరుక్కుని, సరే నేను నాన్ననవుతా అంది. ఇంకో అమ్మాయి కూతురైంది.

పొడుగుపిల్ల అచ్చం డ్రైవర్‌లా వచ్చింది. బూట్లు విప్పి జతగా పెట్టింది. వాచీ తీసి గోడకున్న మేకుకు తగిలించినట్టు చేసింది. ముందు వరసల్లో నవ్వులు. ఆయనా నవ్వాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "కాలేజీ ఎలా జరుగుతోందమ్మా?" అని గొంతు బరువుగా చేసి అడిగింది. కూతురైన అమ్మాయి బాగా జరుగుతోంది నాన్నా అంది. "పరీక్షలు?" బాగా రాశాను నాన్నా. "ఇంకేం కావాలి నాకు. నువ్వు ఇంజినీరువైతే నేను స్టీరింగ్ వదిలేస్తా." ఆ మాట దగ్గర పొడుగుపిల్ల గొంతు మారిపోయింది. లేచి నిలబడింది. ఇప్పుడు నాన్న నడక లేదు, నాన్న భుజాలు లేవు.

"నేను కాలేజీకి వెళ్లట్లేదు నాన్నా. వానలు మొదలైనప్పట్నుంచీ వెళ్లట్లేదు. పొద్దున బయల్దేరి ఇక్కడే కూర్చుంటున్నా."

ఎవరో ఇదీ ఆటే అనుకుని నవ్వబోయి ఆగారు. డ్రైవర్ లేచి, ఎవరి కాళ్లకీ తగలకుండా వరసలోంచి బయటికి నడిచి వెళ్లిపోయాడు. పొడుగుపిల్ల పక్క తలుపు తోసుకుని ఎటు పోయిందో తెలియలేదు. తెర మీద తెల్లటి వెలుగు అలాగే ఉండిపోయింది. మేం ఒకళ్ల ముఖాలు ఒకళ్లం చూసుకోలేకపోయాం.

గంట గడిచినా ఆ పిల్ల ఇంటికి చేరలేదు. ఫోన్ ఇంట్లోనే ఉంది. తల్లి గుమ్మంలో కూలబడింది. బొంగరానికి కాళ్ల కింద నిప్పులు పోసినట్టయింది. కాలేజీ గేటు దాకా పరిగెత్తింది, ఆదివారం కాబట్టి తాళం. మార్కెట్ వీధులన్నీ తిరిగింది. పార్కులో ప్రతి బెంచీ చూసింది. రైలు పట్టాల దగ్గరికీ వెళ్లి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని వెనక్కి వచ్చింది. కూతురు పనిచేసే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎవర్నైనా తీసుకొచ్చారా అని అడిగింది. లేదంది కూతురు. ఏం జరిగిందని అడిగేలోగా తల్లి ఫోన్ పెట్టేసింది. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడిచింది. మేం తలా ఒక దిక్కుకి వెళ్లాం గానీ, ఆవిడ తిరిగినంత ఎవరం తిరగలేదు.

పొద్దు వాలుతుండగా డిపో నుంచి కబురొచ్చింది. పొడుగుపిల్ల ఊరి చుట్టూ తిరిగే బస్సెక్కి, దిగకుండా తిరుగుతూనే ఉందట. డ్రైవర్ కూతురు కదా అని కండక్టర్ గుర్తుపట్టి, ఏమీ అడగకుండా డిపోకి ఫోన్ చేశాడు. ఆ బస్సు ఆఖరి ట్రిప్పు ముగించి డిపోకే వస్తుంది.

బొంగరం డిపో చేరేసరికి డ్రైవర్ బస్సులు కడిగే చోట గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తర్వాత జరిగింది ఆవిడే నాకు చెప్పింది. ఆవిడ ఆయన ముందు అటూ ఇటూ నడుస్తూ, తప్పు నాదే తమ్ముడూ, వద్దన్న పిల్లని నేనే తోశాను అందట. ఆయన నేల చూస్తూ అన్నాడు.

"ఇంట్లో చెప్పొచ్చు కదక్కా. అంతమందిలోనా?"

"ఇంట్లో చెప్తే ఏం చేసేవాడివి?"

"అరిచేవాణ్ణి."

"అరిచాక?"

ఒక బస్సు లోపలికి వచ్చి ఆగింది. అందులో ఆ పిల్ల లేదు. ఆయన అది చూసి మళ్లీ గోడకి ఆనుకున్నాడు.

"తెలీదక్కా. అరిచాక ఏం చెయ్యాలో నాకు తెలీదు. బయటికి వెళ్లిపోతా. మా నాన్నా అంతే."

ఇంకో బస్సు వచ్చింది. ఆ బస్సు డ్రైవరూ కండక్టరూ దిగి, అటు చూడకుండా పక్కకి వెళ్లిపోయారు. వెనక సీట్లో కిటికీకి తల ఆనించి పొడుగుపిల్ల కూర్చుని ఉంది. ఆయన గోడ వదిలి, మెల్లగా నడిచి, ముందు తలుపుతో బస్సెక్కాడు. వెనకదాకా వెళ్లాడు. ఆ పిల్ల ముందు సీట్లో, వీపు ఆ పిల్లకేసి పెట్టి కూర్చున్నాడు. బొంగరం బస్సు చుట్టూ తిరుగుతూనే ఉంది. అద్దాల్లోంచి తలలు కనిపిస్తున్నాయి గానీ ఒక్క మాట వినపడదు. అసలు మాట్లాడుకుంటున్నారో లేదో తెలియదు. లోపలికి ఎక్కి ఏదో ఒకటి అనేయాలని కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, దింపి, మళ్లీ పెట్టి, మళ్లీ దింపిందట. ఎట్టకేలకు ఇద్దరూ దిగారు. ముందు ఆయన, వెనక ఆ పిల్ల. బస్సులో ఏమనుకున్నారో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు చెప్పలేదు.

ఆ తర్వాత మా క్వార్టర్లు బొంగరం మీద కత్తి కట్టాయి. ఇళ్లలో గుట్టు రోడ్డున పడేసే ఆట ఏం ఆట అన్నారు. పిల్లలకు బరితెగింపు నేర్పుతోందన్నారు. రెండిళ్లవాళ్లు పిల్లలని చదువు గదిక్కూడా పంపడం మానేశారు. పైఅంతస్తులో ఒకావిడ ఆట చూసొచ్చి మొగుడితో ఏదో అంటే గొడవ ముదిరి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ మాటా ఈవిడ ఖాతాలోనే పడింది. ఆదివారం తెర మీద వెలుగు పడింది, సీట్లు మాత్రం ఖాళీ. ఆపరేటర్ పైనుంచి కిందికి చూసి, చాలాసేపు ఆగి, స్విచ్ కట్టేశాడు.

సెలవు పెట్టి కూతురు వచ్చింది. ఊరంతా తల్లి గురించి అనుకునేది ఆసుపత్రి దాకా పాకింది మరి. బొంగరం స్టవ్ దగ్గర నిలబడి, నేనేం తప్పు చేశాను, అందరూ మాట్లాడుకోవాలనే కదా అడిగాను, అడగడం తప్పా అని గొణుగుతూ గిన్నెలు సర్దుతోంది. కూతురు లేచి వెళ్లి తల్లి చేతిలో గిన్నె తీసుకుని కింద పెట్టింది.

"అమ్మా, నువ్వు అడుగుతావు. జవాబు వచ్చేదాకా ఉండవు."

బొంగరం ఏదో అనబోయింది. కూతురు కదల్లేదు, తల్లి చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు బడిలో తనని ఒకడు ఏడిపించిన సంగతి చెప్పడానికి ఎన్నిసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చిందో, వచ్చిన ప్రతిసారీ అమ్మ ఏమైందని అడిగి, చెప్పేలోగా ఎలా మాయమైందో చెప్పింది. కోపంగా కాదు, జ్వరం ఎప్పట్నుంచి ఉందని రోగులను అడిగే గొంతుతో చెప్పింది. చివరికి నాన్నకి చెప్పుకుందట. ఆపరేటర్ గుమ్మంలో నిలబడి, నిజమేనన్నట్టు తలూపాడు. ఇన్నేళ్లూ ఆ సంగతి తెలియనిది ఇంట్లో బొంగరం ఒక్కతే. ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చి, ఇదంతా చెప్పి, ఇప్పుడు నేనేం చెయ్యనే అని అడిగి, నేను జవాబు ఆలోచించుకునేదాకా గుమ్మంలో ఉంది. గడప మీద వేళ్లతో దరువేస్తూనే ఉందనుకోండి.

పిల్లలతో కూర్చుని మాట్లాడితే ఆట పద్ధతి మార్చాలని తేలింది. ఎవరిల్లు వాళ్లు ఆడకూడదు. పిల్లలే కూర్చుని, ఎక్కడా లేని ఒక ఇల్లు కల్పించి ఆడాలి. చూసేవాళ్లలో ఎవరికైనా ఎక్కడైనా గుచ్చుకుంటే చెయ్యెత్తాలి. ఆట ఆగాలి. చెయ్యెత్తినవాళ్లు ఏం చెప్తారో, అసలు చెప్తారో లేదో, వాళ్లు తేల్చుకునేదాకా హాల్లో ఒక్కరూ మాట్లాడకూడదు. ముఖ్యంగా బొంగరం. ఆ ఆఖరి షరతు పొడుగుపిల్ల పెట్టింది. అవును, ఆ పిల్ల హాలుకి తిరిగి వచ్చింది. అత్తా, నువ్వు అడగడం బాగానే అడుగుతావు, పక్కనుండి తోయకు అంది.

కొత్త పద్ధతిలో మొదటి ఆదివారం పట్టుమని పదిమంది లేం. ఆటలో తండ్రి, కొడుకు. కొడుకు పని మానేసి వచ్చాడు. తండ్రి అరవడం మొదలుపెట్టాడు. తండ్రి వేషం కుట్టుపని ఆవిడ కొడుకుది. అరిచి, అరిచి, తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోబోతుండగా వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. డ్రైవర్. ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు. యూనిఫాంలోనే ఉన్నాడు.

ఆట ఆగింది. ఆయన మాట్లాడలేదు. హాల్లో పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. బొంగరం నడవలో నిలబడి ఉంది. చీర కొంగు పిడికిట్లో నలిపేస్తోంది. కాలి బొటనవేలితో నేలను రాస్తోంది. నోరు తెరిచింది, మూసింది. నేను ఆవిడనే చూస్తున్నాను, ఈ క్షణమో మరుక్షణమో ఏం తమ్ముడూ అని అడిగేస్తుందని. అడగలేదు. అంతసేపూ ఆయన చెయ్యి దింపలేదు. చివరికి అన్నాడు.

"ఆయన వెళ్లిపోకుండా ఉంటే ఏమవుతుందో చూపించండి."

పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. కుర్రాడు తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. ఏం చెయ్యాలో వాడికీ తెలియదు. నిలబడ్డాడు. కొడుకు వేషం వేసినవాడూ నిలబడ్డాడు. తండ్రి కుర్చీలో కూర్చుని మళ్లీ లేచాడు. బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, నిజంగానే నవ్వొచ్చేలా ఉంది. చాలాసేపటికి తండ్రి, కొడుకు వైపు చూడకుండా, పనిలో ఏమైందని అడిగాడు. కొడుకు, నువ్వు ఇంకా అరుస్తావేమోనని చూస్తున్నా అన్నాడు. అరుస్తానేమో, అయినా చెప్పు అన్నాడు తండ్రి. ఆ మాట పిల్లలు ముందు అనుకున్నది కాదు, అప్పటికప్పుడు వచ్చింది. డ్రైవర్ చెయ్యి దింపి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఆట అయ్యేదాకా కూర్చున్నాడు. అరుగు పక్కన నిలబడ్డ పొడుగుపిల్ల ఆయన వైపు తిరగలేదు, ఆయనా పిలవలేదు. ఇంటికి మాత్రం కలిసే వెళ్లారు, మధ్యలో ఇంకో మనిషి నడిచేంత ఎడంతో.

అక్కణ్ణుంచి జనం మళ్లీ ఒక్కొక్కరే రావడం మొదలైంది. కానీ హాలు నిలవలేదు. యజమాని అమ్మేశాడు, సరుకుల గోదాం కడతారట. ఆయనే వచ్చి బొంగరం ముందు తల దించుకుని చెప్పాడు. ఆవిడ పోట్లాడలేదు, ఏడవలేదు. తమ కాపురానికి ఇల్లు చూసుకోకముందే, ఆ సాయంత్రమే ఆదివారాల ఆట కోసం ఊళ్లో ఖాళీ గదులు వెతకడానికి బయల్దేరింది. బడివాళ్లు కుదరదన్నారు. లైబ్రరీలో శబ్దం పనికిరాదన్నారు. చివరికి డ్రైవర్ డిపో మేనేజర్ దగ్గరికి వెళ్లి, పాత టైర్లు పెట్టే షెడ్డు ఆదివారాలు ఇప్పించాడు. అడిగిన తీరు కూడా విచిత్రమే. అడిగేసి, జవాబు చెప్పేదాకా మేనేజర్ బల్ల ముందు కదలకుండా నిలబడ్డాడట.

షెడ్డులో రబ్బరు వాసన. వేసవిలో రేకుల కింద ఒళ్లు ఉడికిపోతుంది. టైర్లే సీట్లు. ఆపరేటర్ పాత మెషీన్ నుంచి లెన్సు ఊడదీసి ఏవో లైట్లు తగిలించి వెలుగు ఏర్పాటు చేశాడు. చదువు బల్లలు క్యాంటీన్ వెనక వరండాలోకి మారాయి. పొడుగుపిల్ల ఆ కాలేజీకి మళ్లీ వెళ్లలేదు. చిన్నపిల్లలకు చదువు చెప్పే కోర్సులో చేరింది. కూతురు ఇంజినీరని చెప్పుకోవాలన్న ఆశ చంపుకోవడానికి ఆ తండ్రికి చాలాకాలమే పట్టింది. ఇంట్లో ఇప్పటికీ అరుస్తాడని ఆ పిల్లే చెప్తుంది. అరిచాక టీ పెట్టమని అడుగుతాడట, టీ అయ్యేదాకా వంటింట్లోనే నిలబడతాడట. పైఅంతస్తు ఆవిడ మాత్రం తిరిగి రాలేదు. ఆవిడ సంగతి వచ్చినప్పుడు బొంగరం ముఖం ఇప్పటికీ మాడిపోతుంది. మొన్నామధ్య ఆ పుట్టింటి అడ్రసు సంపాదించి వెళ్లొచ్చింది. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆదివారాలు నడిపేది పిల్లలే. బొంగరం మోకాళ్లు నొప్పులంటూనే ముందుగా వచ్చి, టైర్లు అటూ ఇటూ జరిపి, అందరి పనుల్లోనూ వేలు పెడుతుంది. పొడుగుపిల్ల కసిరితే బయటికి పోయి షెడ్డు చుట్టూ తిరుగుతుంది.

పోయిన నెల క్వార్టర్లలోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. ఆ ఇంటావిడ చంకలో ఒక పిల్ల, చేతికి ఒక పిల్లతో షెడ్డు తలుపు దగ్గరికి వచ్చి, లోపల ఏం జరుగుతోందని బొంగరాన్ని అడిగింది. ఈవిడ గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పుకొచ్చింది. అంతా విని, నేనేం చెప్పకపోయినా పర్లేదా, ఊరికే చూడొచ్చా అని అడిగింది ఆవిడ. చూడొచ్చంది బొంగరం. పిల్లల్లో పెద్దదాన్ని తను ఎత్తుకుని, లోపలికి తీసుకెళ్లి చోటు చూపించింది.

ఆ రోజు ఆ కొత్తావిడ చెయ్యెత్తలేదు. పై ఆదివారమూ ఎత్తలేదు. వస్తూనే ఉంది.